మోటరు కరెంటుకు పలికే గది

విడపనకల్లు దాటినాక చేన్ల మధ్యలో మూతపడిన ఇంటర్నెట్ సెంటరొకటి ఉంది. ఆ గది పేరెత్తితే మీసాలున్న మగవాళ్లకే వణుకు. రాత్రిపూట మోటరు వేయడానికి పోయేవాళ్లకు లోపల్నుంచి ఆడగొంతు వినబడుతుంది... "వినపడతాండాదా?" అని.

అది రసూల్‌బీ గొంతే. ఆమె పోయి రెండేళ్లయింది. మొగుడూ పెళ్లామూ కలిసి నడిపిన సెంటరది. మొగుడు అల్లాబకాష్ ఒక్కడే మిగిలాడు, పాపం. తెల్లారగానే గది పడగొట్టి కంప్యూటర్ని పారేయాలని ఊరు తీర్మానించింది.

చివరిసారిగా చూడమని అనంతపురం నుంచి మెకానిక్ ఐజాక్‌ను పిలిపించారు. నాకీ కథ చెప్పింది అతనే. దెయ్యమా గియ్యమా అని నవ్వే మనిషి, ఆ రాత్రి మాత్రం ప్రార్థన చేసుకునే లోపలికి పోయాడట!

చీకటి... కంప్యూటరు ఆరిపోయి ఉంది. పదకొండు దాటింది—

టక్!

ఎవరూ ముట్టుకోలేదు. తెర వెలిగింది.

"వినపడతాండాదా?"

ఐజాక్ తలుపు వైపు తిరిగాడు. అంతలో దూరంగా ఒక మోటరు మోగింది... ఇంకొకటి... అప్పుడు తెలిసింది. చేన్లకు రాత్రిళ్లు ఇచ్చే కరెంటునే ఈ గదికీ లాగారు. మిషను స్విచ్చి వేసే ఉంది. కరెంటు రాగానే అదే లేస్తుంది, లేస్తూనే ఆ మాట పలుకుతుంది. ఆ వేళకు అటు నడిచేది మోటర్లవాళ్లే కదా!

"ఎవరు పెట్టినారు ఈ గొంతు?" గొణుక్కున్నాడు ఐజాక్.

"నేనే..."

మూలలో ఏదో కదిలింది. చాప మీద అల్లాబకాష్! ఊరికి తెలియకుండా రాత్రిళ్లు అక్కడే పడుకుంటున్నాడు.

"సౌండు కార్డూ, నెట్టు తెచ్చే మోడెం కార్డూ మిషన్లో ఒకే నంబరు కావాలని కొట్లాడుకుంటాండె అప్పా. ఒక్క మాట రాల్యా. దినమంతా నేను ఆ నంబరు మార్చే పిన్నులు పీకి పెడతాంటే, మా రసూల్‌బీ మైకు పట్టుకోని అడుగుతానే ఉండె. మోడెంకు వేరే నంబరిచ్చినాక పలికింది. ఆ సంబరంలో మిషను లేస్తూనే పలికేట్ల అదే మాట దాచి పెట్టుకున్యా."

ఐజాక్‌కు మిషను మూత తీయగానే ఆ పిన్ను కనబడింది. పిన్ను వెనక్కి మారిస్తే చాలు. రెండు కార్డులూ మళ్లీ కొట్టుకుంటాయి, గొంతు ఆగిపోతుంది, ఊరూ సర్దుకుంటుంది.

"ఆ మాట ఫోన్లో ఎక్కిస్తాలే అన్నా," అన్నాడు మెల్లగా. "ఎప్పుడు కావాలంటే అప్పుడు వినుకో."

అల్లాబకాష్ వెలుగుతున్న తెర వైపు చూశాడు.

"ఫోన్లో అయితే నేను నొక్కితే పలుకుతాది అప్పా... ఈడ తానే పిలుస్తాది."

ఐజాక్ పిన్ను ముట్టుకోలేదు.

తెల్లారేసరికి గడ్డపారలతో ఊరంతా వాకిట్లో ఉంది. "ఏముండాదప్పా లోపల?"

పుట్టి బుద్ధెరిగి అంత పెద్ద అబద్ధం ఆడలేదట ఐజాక్.

"దెయ్యమే. గోడ మీద ఒక్క దెబ్బ పడిందా... ఊర్లోకి వస్తాది."