ఎర్రచుక్క

2084 నాటికి, సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే ఆ విశాఖ కంపెనీలో పనితీరు సమీక్షలు ఎత్తేశారు. పైవాళ్లను కాకాపట్టే బాధా తప్పింది. ఎవరు ఏం పని చేశారో ఫలదర్శిని అనే యంత్రం కంప్యూటర్లలోంచి చదివేసి, కంపెనీ లాభంలో ఎవరి వాటా ఎంతో తేల్చేది. వాటా మరీ తగ్గినవాళ్ల పేరు పక్కన ఎర్రచుక్క పడేది. చుక్క పడితే ఉద్యోగం పోయినట్టే.

ఆ యంత్రాన్ని కనిపెట్టిన విజయసారథికి అదంటే ప్రాణం. కూతురు చనిపోయిన ఏడాది తనను పిచ్చివాడు కాకుండా కాపాడింది ఈ పనేనని అతని నమ్మకం. ఇంట్లో చావు జరిగితే మైల తీరేదాకా పాస్‌వర్డు తోటివాళ్లకిచ్చి, తన పేరుమీదే పని నడిపించుకోవడం ఆ ఆఫీసు ఆనవాయితీ. అతను పక్క సీటు నూకరత్నానికిచ్చాడు, మళ్లీ ఎప్పుడు తీసుకున్నాడో గుర్తులేదు. ఆ ఏడాదే సరిగా గుర్తులేదు గానీ, ఫైళ్ల నిండా తన పేరే ఉంది.

ఈసారి చుక్క ఆ నూకరత్నానికే పడింది.

"ఒక ఏడాదంతా నీ పేరున ఏమీ లేదేం రత్నం? ఏదో ఒకటి చెప్పు, బోర్డుతో మాట్లాడతాను."

"అప్పుడేదో పనిలో ఉన్నానండి. ఇప్పుడెందుకులెండి సారథి గారూ."

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటుంటే అతనికి జాలేసింది. అయినా ఆమె తొలగింపు కాగితం మీద సంతకం పెట్టేశాడు. యంత్రం అబద్ధమాడదు కదా!

నెల తిరక్కుండానే ఫలదర్శినికి కొత్త విద్య నేర్పాడు. ఇక పేరు చూడదు. టైపు చేసే తీరును బట్టి అసలు మనిషిని పోల్చుకుంటుంది. ముచ్చటపడి మొదట తన పాత ఫైళ్లే చూపించాడు.

"నన్ను తయారుచేసింది నూకరత్నం గారు," అంది యంత్రం. "ఇందులో మీ చెయ్యి లేదు."

సారథి తెర దగ్గరికి జరిగాడు. "మరి ఆ ఏడాదంతా నేనేం చేశాను?"

"పాప ఫొటోలు తెరిచి చూస్తూ కూర్చున్నారు."

అతను బల్లమీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చాడు. పాప పోయిన దుఃఖాన్ని దాటి వచ్చాననుకున్నాడు. అక్కడే ఉండిపోయాడు. అతని బదులు రత్నం నడిచింది, నోరు మెదపకుండా.

"ఈ ఫలితం బోర్డుకు చేరితే ఆవిడను వెనక్కి పిలుస్తారు. ఎర్రచుక్క మీకు మారుతుంది. పంపనా?"

అతను కళ్లు తుడుచుకున్నాడు.

"వద్దు."

తన మాట తనకే వినిపించి కుమిలిపోయాడు. వెనక్కి మాత్రం తీసుకోలేదు.