చూసినవాడు ఉన్నాడా

“ఆ కారోడి సేతిలో తుపాకీ ఉన్నాది. ఈ ఇంట్లో అందరి నోట్లో మట్టి ఉన్నాది. రెండూ కలిసే నా మనిషిని జైల్లో పెట్టినాయి.”

యమున టీ వడగడుతూనే అంది ఈ మాట. గొంతు పెంచలేదు. వసారాలో మామ నూకయ్య చిరిగిన వల ముందేసుకుని కూర్చున్నాడు. అత్త అసిరమ్మ ఉప్పు పట్టించిన చేపలు ఎండకు పరుస్తోంది. మరిది భాస్కర్ గోడవైపు తిరిగి పళ్లు తోముకుంటున్నాడు. అతని చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. యమున అది చూసింది.

“పొద్దున్నే ఏటే ఆ మాటలు,” అంది అసిరమ్మ. “ఏడుకి జైలు నుంచి ఫోనొస్తాది. ఆడు ఒప్పుకుంటాడు, వొచ్చీస్తాడు. ఇంకేటి కావాల నీకు?”

“నిజం కావాల అత్తా.”

“నిజం వొండుకుని తింటావేటి?”

యమున గ్లాసులు అందించింది. భాస్కర్‌కి ఇస్తున్నప్పుడు మాత్రం గ్లాసు వెంటనే వదల్లేదు. అతను తల ఎత్తలేదు. ఇంటికి వచ్చి వారమైంది, వదిన ముఖం ఒక్కసారీ చూడలేదు.

గోవింద్, భాస్కర్ అన్నదమ్ములు. ఒకే సరుకుల ఓడలో పని. ఏడు నెలల కిందట ఓడ ఒక అమెరికా రేవులో ఆగింది. కూతురికి ఏదైనా కొందామని గోవింద్ రేవు గేటు దగ్గర ఒక కారెక్కి కొట్టుకెళ్లాడు. ఆ కారు తోలినవాడు వెనకే లోపలికొచ్చి, తుపాకీ తీసి, గల్లాపెట్టె దోచాడు. పోలీసులు కారువాణ్నీ గోవింద్‌నీ ఇద్దరినీ పట్టుకున్నారు. కారువాడు తెలివైనవాడు. “ఈ ఓడవాడే నాకు కాపలా” అని వాంగ్మూలం ఇచ్చి తన శిక్ష తగ్గించుకున్నాడు. అవును, తుపాకీ పట్టినవాడికే తగ్గింది. గేలం కొన్నంత తేలిగ్గా తుపాకీ కొనుక్కునే దేశం అది. అక్కడ ఉత్తచేతులవాడు తనవి ఉత్తచేతులని రుజువు చేసుకోవాలి.

ఆ దేశంలో ఇల్లూ వాకిలీ లేని ఓడ మనిషికి బెయిలెవరిస్తారు? కోర్టు ఉచితంగా ఇచ్చిన లాయరమ్మకి మోయలేనన్ని కేసులు. చివరికి సర్కారు వకీలు ఒక మాట పంపాడు. నేరం ఒప్పుకుంటే రెండేళ్లు, అందులో గడిచిన ఏడు నెలలూ పోతాయి, తర్వాత దేశానికి పంపేస్తారు. కాదంటే విచారణ. అందులో ఓడితే పదిహేనేళ్లు. రేపు కోర్టులో జవాబు చెప్పాలి. అక్కడ శిక్షపడిన నూరుమందిలో తొంభైమందికి పైగా విచారణ ముఖం చూడనే చూడరు, ఇలాగే ఒప్పుకుంటారు. దాన్ని వాళ్లు న్యాయం అంటారు. మన సంతలో దాన్ని బేరం అంటారు.

నూకయ్యకి ఈ బేరం తప్పనిపించలేదు. నలభై ఏళ్లుగా తమ ఊరి రేవులో కులపెద్ద ఆయన. వల కోసినా, పడవ దగ్గర కొట్టుకున్నా, పదిమందిలో నిలబడి తప్పు ఒప్పుకుంటే జరిమానాతో అయిపోతుంది. మర్నాడు ఆ మనిషితోనే కలిసి సముద్రంలోకి వెళ్తారు. ఆ మాట ఎవరూ మళ్లీ ఎత్తరు. అమెరికా కూడా అంతేననుకున్నాడు ముసలాయన. ఒప్పుకున్న మరుక్షణం కొడుకు పేరు దొంగల పుస్తకంలో చేరుతుందనీ, ఏ ఓడా ఇక ఎక్కించుకోదనీ యమున చెబుతూనే ఉంది. ఆయన వినలేదు.

ఆరున్నరకి ధనరాజ్ కోటబొమ్మాళి నుంచి బండి మీద దిగాడు. అన్నదమ్ములిద్దరినీ ఓడ ఎక్కించిన ఏజెంటు. పిలవకుండానే వచ్చాడు.

“నూకయ్య మావా, ఈ రోజుతో మీ కష్టాలు తీరిపోతాయి. గోవింద్‌కి ఒక్క మాట చెప్పు, ఒప్పుకోమని. మిగతాది ఓడ కంపెనీ చూసుకుంటాది.”

“ఏడు నెల్లు ఏటి సూసుకున్నాది బావూ?” అంది యమున. “మంచి లాయర్ని పెట్టమంటే ఫోనే ఎత్తలేదు.”

“అమెరికా కేసంటే కోడిపందెం కేసు కాదమ్మా.” ధనరాజ్ నవ్వి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “ఇదిగో, లాయరమ్మ ఏదైనా అడిగితే, ఓడలో వాళ్లెవరూ ఏమీ చూడలేదని చెప్పండి. అంతే.”

యమున చేతిలో గ్లాసు కింద పెట్టింది.

“ఓడలో వోళ్లు సూసినారా అని ఎవులడిగినారు నిన్ను?”

“ఊరికే అన్నాను.”

“ఊరికే కోటబొమ్మాళి నుంచి వొచ్చి, ఊరికే అన్నావు.”

యమున లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చింది. భాస్కర్ వచ్చిన రోజున అన్న కూతురు కుసుమకుమారికి జడ క్లిప్పులు ఇచ్చిన సంచీ అది. సింగపూర్‌లో కొన్నానని చెప్పాడు. సంచీ అడుగున అంటుకున్న బిల్లు తీసి మామ మోకాలి మీద పెట్టింది. పక్కనే కోర్టు కాగితం పెట్టింది.

“రెండిటి మీదా ఒకే కొట్టు పేరు. అచ్చరం అచ్చరం కలిపి సూసుకున్నాను మావా. తారీకూ అదే. బిల్లు నాలుగూ పన్నెండుకి. దోపిడీ నాలుగూ పదహారుకి. దోపిడీకి నాలుగు నిమసాల ముందు కొన్న క్లిప్పులు మనింటికెలా వొచ్చినాయి?”

అసిరమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. భాస్కర్ గుమ్మంవైపు ఒక అడుగు వేశాడు. ధనరాజ్ లేచాడు. “ఫోనొచ్చే టైముకి ఈ గొడవలేంటి మావా?”

అప్పుడే ఫోను మోగింది. లాయరమ్మ ఒక మాట ఇంగ్లీషులో చెప్పింది, తెలుగు తర్జుమా చేసే మనిషి అందుకున్నాడు, తర్వాత గోవింద్ గొంతు వచ్చింది. ఇంటి మనిషి గొంతులా లేదు అది. అరిగిపోయింది.

“అయ్యా, అలిసిపోనాను. ఒప్పుకోమంటావా?”

నూకయ్య నోరు తెరిచాడు. యమున ఆయన ముందు నేల మీద కూర్చుంది.

“మావా, ఒక్క మాట. మన రేవులో ఎవుడికైనా తప్పు వేసే ముందు నువ్వు మూడు మార్లు అడుగుతావు, సూసినోడు ఉన్నాడా అని. మూడు మార్లు అడక్కుండా నువ్వు ఎవుడికీ తప్పు వెయ్యలేదు. పగోడికి కూడా వెయ్యలేదు. నీ కొడుక్కి వేస్తావా?”

ముసలాయన బిల్లు చేతిలోకి తీసుకుని చూశాడు. ఆయనకు చదువు రాదు. కానీ అంకెలు తెలుసు.

“ఉండరా గోవిందా,” అన్నాడు. వల పక్కకి నెట్టి లేచి నిలబడ్డాడు. కండువా భుజాన సర్దుకున్నాడు, పదిమందిలో నిలబడినట్టే.

“సూసినోడు ఉన్నాడా?”

ధనరాజ్ భాస్కర్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అది అందరూ చూశారు.

“సూసినోడు ఉన్నాడా?”

“ఏటయ్యా ఇది, నా కడుపున పుట్టినోళ్లని…” అసిరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

నూకయ్య మూడోసారి అడిగాడు. “సూసినోడు ఉన్నాడా?”

“ఉన్నాను.”

భాస్కర్ గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

“ఆ కారు పిలిసింది నానే. కిరాయి ఇచ్చినాను. క్లిప్పులు కొనీసి నాను బయటికొచ్చినాను, అన్న లోపల చాకలెట్లు ఏరతన్నాడు. అద్దంలోంచి సూసినాను వొదినా. ఆడు తుపాకీ అన్న మీద కూడా పెట్టినాడు. అన్న సేతులు పైకెత్తినాడు. నాను పరిగెట్టి ఓడెక్కీసినాను.” ధనరాజ్ వైపు వేలు చూపించాడు. “నోరిప్పితే నన్నూ కలిపి పట్టుకుంటారన్నాడు. ఓడని కేసులో ఆపీస్తే కంపెనీకి నట్టమన్నాడు, నాకింక ఏ ఓడా దొరకదన్నాడు.”

“నీ మంచికే చెప్పాను,” అన్నాడు ధనరాజ్. ఎవరూ అతని వైపు తిరగలేదు.

“గోవిందా,” అన్నాడు నూకయ్య, “నీ లాయరమ్మకి ఈ మాట ఎందుకు సెప్పలేదురా?”

గోవింద్ గొంతు తగ్గించాడు.

“సెప్తే తమ్ముడినీ లాక్కొస్తారు కదా అయ్యా. ఒక్కడు సాలనుకున్నాను.”

అసిరమ్మ చేప చేతిలోనే పట్టుకుని ఏడ్చింది. యమునకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏడు నెలలు ఆమె ఈ ఇంట్లో ప్రతి ముఖాన్నీ అనుమానించింది. కొన్ని రోజులు గోవింద్‌నే అనుమానించింది. అతను నోరు మూసుకున్నది తప్పు చేసి కాదు, తమ్ముడి కోసమని ఇప్పుడు తెలిసింది. ఆ సంగతి తలచుకోవడానికి తర్వాత తీరిక ఉంటుంది.

“ఒప్పుకోకురా,” అన్నాడు నూకయ్య ఫోనులోకి. “సాక్షి లేసినాడు. సాక్షి లేసినాక తప్పు వెయ్యడానికి ఆళ్లెవులు?”

యమున ఫోను తీసుకుంది.

“లాయరమ్మా, రేపు వాయిదా అడుగు. ఆ కారోడి మాట నమ్మినోళ్లు ఈడి మాట కూడా వినాల. ధనరాజ్ బావూ, నువ్వు కదలకు. ఎవుడు ఈడి నోరు మూయమన్నాడో ఈ ఫోన్లోనే సెప్పి ఎల్లు.”

తర్వాత మరిది పక్కన కూర్చుని ఫోను అతని నోటి దగ్గర పెట్టింది. రెండో చేత్తో అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“నీ పేరు, ఓడ పేరు, కారెక్కిన సోటు, అద్దంలోంచి సూసింది. అన్నీ సెప్పాల. భయమేస్తే నన్ను పట్టుకో, కానీ రేపు అనకు. ఇప్పుడే సెప్పు.”