ఎదురు కుర్చీ

లిఫ్టులు బాగుచేసే అబ్బాయి ఉదయం ప్రార్థనకు రావడం మొదలుపెట్టినప్పుడు అందరూ సంతోషించారు, కళ్లద్దాల షాపు అమ్మాయి తప్ప.

ఆమె అనుమానానికి కారణం లేకపోలేదు. అతని తల్లి బతికున్నన్నాళ్లూ ఆవిణ్ణి ప్రార్థనకు గుమ్మం దాకా దింపి, లోపలికి రమ్మంటే పనుందని తప్పించుకుపోయిన మనిషతను. ఆవిడ పోయాక అసలిటు తొంగిచూడలేదు. అలాంటివాడు షాపులో కళ్లజోడుకు ఆర్డరిచ్చిన మర్నాడే తల నున్నగా దువ్వుకుని ప్రత్యక్షమయ్యాడు. వచ్చి వాళ్లమ్మ కుర్చీలో కూర్చున్నాడు. అది సరిగ్గా అమ్మాయికి ఎదురుగా ఉంటుంది.

వేషాలు, అనుకుంది.

అమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఇంటి ముందుగదిలో జరిగే ఆ ప్రార్థనకు ఒక పద్ధతుంది. అమ్మమ్మ ఆ రోజు వాక్యభాగం చదువుతుంది. కాసేపు అందరూ కళ్లు మూసుకుని ధ్యానిస్తారు. తరువాత ఎవరి మనసులో ఏ మాట నిలిచిపోయిందో వాళ్లు ఆ ఒక్క మాట చెప్పాలి. అందరూ కృప, శాంతి, నిరీక్షణ అంటారు. ఇతను మాత్రం ఒకరోజు "తలుపు" అన్నాడు, ఇంకోరోజు "నూనె" అన్నాడు. వినకుండా నోటికొచ్చింది చెబుతున్నాడని ఆమె ఖాయం చేసుకుంది.

మెట్ల మీద ఆపి, నిన్న చదివిందేమిటో చెప్పమంది. విధవరాలి ఇంట్లో నూనె తరగకపోవడం మొదలు నుంచీ పూస గుచ్చినట్టు చెప్పాడు. వాళ్లమ్మ కూడా సీసా వంచి ఆఖరి చుక్క కోసం అలా ఎదురుచూసేదని చెప్పి, పనికి వెళ్లిపోయాడు.

దాంతో అమ్మాయికి కొత్త చిక్కొచ్చిపడింది. తనకోసం వస్తున్నాడని మండిపడ్డ మనిషికి, తనకోసం రావడం లేదేమోనని దిగులు పట్టుకుంది.

"ధ్యానంలో ఒక్కసారైనా కళ్లు తెరవడు అమ్మమ్మా," అని ఫిర్యాదు చేసింది.

"నీకెలా తెలుసే?"

ఆమె కుర్చీలు సర్దడానికి లేచింది.

మర్నాడు అమ్మమ్మ చదివింది ఒక పెళ్లికొడుకు సంగతి. తల్లి పోయిన దిగులుతో ఉన్న అతను సాయంత్రం పొలంలో ధ్యానానికి వెళ్లి, కన్నులెత్తి చూస్తే ఒంటెలు వస్తున్నాయి. కాబోయే భార్య వాటి మీద వస్తోంది. అతన్ని చూసి ఆమె ఒంటె దిగింది.

మాటల వంతు వచ్చింది. "ఒంటెలు," అన్నాడు లిఫ్టుల అబ్బాయి.

అందరూ నవ్వారు. అమ్మమ్మ నవ్వకుండా, ఎందుకో చెప్పమంది.

అతను ఇబ్బందిగా చేతులు నలుపుకున్నాడు. "షాపులో ఈవిడే చెప్పారండీ, అమ్మ కుర్చీ ఇంకా తీయలేదని. అమ్మ కోసమే వచ్చాను. ప్రార్థన చేసుకుందామనే కూర్చున్నాను. కళ్లెత్తితే ఎదురుగా ఈవిడ. భయమేసి ఎత్తడం మానేశాను. ఇవాళ వాక్యంలో ఆయన కళ్లెత్తితేనే ఒంటెలు కనబడ్డాయి కదా, ఎత్తినా తప్పు లేదేమో అనిపించింది."

ఆ మాట షాపులో అన్నట్టు ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఇతన్ని దొంగను చూసినట్టు చూసినందుకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది.

"నీ మాటొక్కటే మిగిలిందే," అంది అమ్మమ్మ.

"దిగింది," అంది అమ్మాయి.

అతను కళ్లెత్తాడు. ఈసారి దించలేదు.

అందరూ వెళ్లాక ఆమె అమ్మమ్మ దగ్గర కూర్చుంది. "ఇవాళ చదవాల్సింది నిజంగా అదేనా?"

"అనుమానం ముందు పుట్టి నువ్వు తర్వాత పుట్టావే," అంది అమ్మమ్మ బైబిలు మూస్తూ. "వచ్చే వారానిది ఇవాళ చదివితే దేవుడేమీ అనుకోడులే."