ఎనిమిదింటికే చెప్పిన కాఫీ

ఆ కారు మూడో దారిలో వెళ్తుందని ఉదయం ఎనిమిదిన్నర దాకా ఎవరికీ తెలియదు. తొమ్మిదీ పదికి మూడో దారిలోనే బాంబు పేలింది. విదేశీ ముఠా మీద సాక్ష్యం చెప్పాల్సిన ఇద్దరు ఇంజనీర్లలో ఒకాయన కోర్టు గుమ్మం తొక్కకుండానే పోయాడు.

"రేపు రెండో ఆవిడని తీసుకెళ్లాలి," అన్నాడు చీఫ్. "ఆవిడ కూడా పోతే ఇక కేసే లేదు. నువ్వు వైర్‌లెస్ దగ్గర పెట్టుకుని ఉండు. దారి మార్చాల్సివస్తే ఆ అధికారం నీ ఒక్కడిదే."

"దారి ఎంచేది ఎవరు సార్?"

"ఎప్పట్లాగే. మెషీన్."

ఏజెంటు తలూపాడు. గూఢచార సర్వీసులో అతన్ని శొంఠికొమ్ము అంటారు. ముందూ వెనకా ఎవరూ లేని ఒంటికాయ మనిషి గనక పేరు అతికినట్టు సరిపోయింది. పదకొండేళ్లుగా అతని కాపురం ఆ మెషీన్‌తోనే. నల్ల తెర మీద 'జాట్' అనే చిన్న కమాండ్. వరసగా అంకెలు అడిగితే వరసగా ఇస్తుంది, చిందరవందరగా అడిగితే అలాగే ఇస్తుంది. రోజూ ఎనిమిదిన్నరకి ఆఫీసు దాన్ని ఒకటికీ ఆరుకీ మధ్య ఒక్క అంకె అడుగుతుంది. ఐదు వస్తే సాక్షి కారుకి ఐదో దారి, ఏజెంటుకి లిస్టులో ఐదో హోటల్, ఐదో బస్సు. అలవాటు పడ్డ ఏజెంటు సగం చచ్చినట్టేనని సర్వీసు సూత్రం.

సూత్రం మంచిదే. కానీ పదకొండేళ్లలో ఏ సర్వరూ అతన్ని "ఎప్పటిదేనా సార్?" అని అడిగిన పాపాన పోలేదు. జ్వరమొస్తే తలుపు తట్టే దిక్కు లేదు. పైకి నవ్వేసేవాడు గానీ, లోపల శొంఠికొమ్ముకి చాలా బాధగా ఉండేది.

అందుకే ఒకావిడ తారసపడినప్పుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు, చేతిలో లావుపాటి పుస్తకం. యంత్రాల మాన్యువల్స్ అనువదిస్తానంది. అతను బీమా ఏజెంటునన్నాడు. మూడు వారాల్లో నాలుగు హోటళ్లలో నాలుగుసార్లు ఎదురుపడ్డారు. ఇంత పెద్ద ఊళ్లో ఇదేం అదృష్టమని మురిసిపోయాడు. గూఢచారికి రావాల్సిన అనుమానం ఒంటరివాడికి రాలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకి, కళ్లజోడు పెట్టెలో దాచిన సెట్ మీద అంకె వెలిగింది. ఐదు.

ఐదో హోటల్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఉంది. బల్ల మీద రెండు కాఫీలు. రెండింటి మీదా మీగడ కట్టింది.

"మళ్లీ మీరేనా!" అని నవ్వింది.

సర్వర్ వచ్చి కప్పులు తీశాడు. "ఇవి చల్లారిపోయాయండీ, వేడివి తెస్తాను. ఆయనొస్తారని అమ్మగారు ఎనిమిదింటికే చెప్పేశారు."

శొంఠికొమ్ము కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన కోసం ఒక మనిషి ఇంతసేపు కాచుకుని కూర్చుంది! వేడి కాఫీ సగం తాగేదాకా ఆ ఊళ్లో అతనంత సుఖపడ్డవాడు లేడు. ఆ తర్వాత ఉద్యోగం గుర్తొచ్చింది. ఎనిమిదింటికి ఆ ఐదు ఇంకా పుట్టనే లేదు.

"చెయ్యి కడుక్కొస్తాను," అని లేచాడు.

వాష్‌బేసిన్ దగ్గర పెట్టె తెరిచి, కమాండ్ లైన్ మొదటిసారి చివరిదాకా చదివాడు. చివర ఆ రోజు తారీఖు ఉంది. దాన్ని మర్నాటి తారీఖు చేసి నొక్కాడు. ఆరు. మళ్లీ నొక్కాడు. ఆరు. పదిసార్లు నొక్కినా ఆరే.

"సార్, కమాండ్ చివర తారీఖెందుకు?" అని చీఫ్‌ని వైర్‌లెస్‌లో అడిగాడు.

"ఆడిట్ వాళ్లు అడిగారయ్యా," అన్నాడు చీఫ్. "నువ్వు నిజంగా ఆ అంకె ప్రకారమే నడిచావో లేదో తర్వాత సరిచూడాలట. తారీఖిస్తే ఆ రోజు అంకె ఎప్పుడైనా మళ్లీ వస్తుంది."

"ఎప్పుడైనా అంటే ముందు కూడా సార్!"

"తాళం వేసి గొళ్లెం మరిచాం," అన్నాడు చీఫ్. "కారు బయల్దేరి తొమ్మిది నిమిషాలైంది. ఐదో దారిలో వంతెన దగ్గరికి వచ్చుంటుంది."

శొంఠికొమ్ము డ్రైవర్ ఛానెల్ నొక్కాడు. "వంతెన ఎక్కొద్దు! పక్కకి సందులెన్ని?"

"నాలుగు సార్. కానీ అంకె లేకుండా నేను—"

"నీ చొక్కాకి ఊడిన బొత్తాలెన్ని?"

"ఏంటి సార్? ఊడినవా? రెండు."

"రెండో సందులోకి తిప్పు!"

టైర్లు కీచుమన్నాయి. మరుక్షణం దూరంగా పేలుడు. హోటల్ కిటికీ అద్దాలు గలగల్లాడాయి. సాక్షి కోసం ఖాళీ చేయించిన వంతెన సగం ఏట్లో పడింది. రెండో సందులో డ్రైవర్, సాక్షి క్షేమం.

తిరిగి వచ్చేసరికి ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. అతను వైర్‌లెస్‌లో పిలిచిన మఫ్టీ పోలీసులు గుమ్మంలో నిలబడ్డారు.

"ఆ మెషీన్ మాన్యువల్‌ని, దారుల లిస్టూ హోటళ్ల లిస్టూ సహా, మీ ఆఫీసే నాకు అనువాదానికిచ్చింది," అంది. "అవతలివాళ్లకి కూడా ఒక కాపీ ఇచ్చాను. తొమ్మిదీ పది దాటేదాకా మిమ్మల్ని కబుర్లలో పెట్టమన్నారు."

"మరి కాఫీ?"

ఆవిడ కళ్లద్దాలు తీసింది. "కాఫీ ఎవరూ చెప్పమనలేదు. నాకే చెప్పాలనిపించింది."

పోలీసులు తీసుకెళ్లారు. ఆవిడ వెనక్కి చూడలేదు. అతను చూస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే కమాండ్ చివర తారీఖు తీసేశారు. మర్నాడు పుట్టిన అంకె ఈ లోకంలో ఎవరికీ ముందు తెలియదు. రెండో హోటల్లో శొంఠికొమ్ము ఒక్కడే కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర నలుగురున్న కుటుంబం సర్దుకోలేక అవస్థ పడుతోంది.

"అన్నయ్యగారూ, మీ ఎదురు కుర్చీ ఖాళీయేనా? తీసుకోమంటారా?" అని అడిగింది ఆ ఇల్లాలు.

"ఖాళీయేనమ్మా, తీసుకోండి," అని చెప్పడానికి అతనికి పూర్తిగా ఒక నిమిషం పట్టింది. నిన్న కారు తిప్పడానికి కూడా అంతసేపు ఆలోచించలేదు.