తాబేలు కారు, నీలి పట్టా

“తాతయ్యా, వెనక కట్టేస్తే రెండు నిమిషాల పని! నువ్వేమో గంట నుంచి తాళ్లు కొలుస్తున్నావు!”

టపాకాయ కాలు నేలకేసి కొట్టింది. ఆ పిల్లకు పదకొండేళ్లు. అసలు పేరు బడి రిజిస్టరులో మాత్రమే ఉంది. ఇంట్లో, వీధిలో అందరికీ టపాకాయే. ఎందుకో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది.

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. తొమ్మిది గంటలకు స్టేడియంలో సైకిల్ పోటీ. ఇద్దరిద్దరి జట్లు. ఒక రౌండు ఒకరు తొక్కితే, రెండో రౌండు మరొకరు తొక్కాలి. టపాకాయ జట్టులో రెండో మనిషి ఎనిమిదేళ్ల చెల్లి. అక్కాచెల్లెళ్లు నెల రోజులుగా ఇంటి వెనక సందులో సాధన చేస్తున్నారు. ఇప్పుడు ఏడున్నర దాటింది. సైకిళ్లు ఇంకా నేల మీదే ఉన్నాయి.

వాటిని మోయవలసింది తాతయ్య పాత కారు. అది అమ్మకన్నా వయసులో పెద్దది. రెండే తలుపులు, గుండ్రటి దీపాలు, తాబేలు డిప్పలాంటి వీపు. చాలా కార్లకు ముందుండే ఇంజన్ దీనికి వెనక ఉంటుంది. సామాను పెట్టే చోటు ముందుంటుంది. అందులో ఒక పెట్టె పట్టడమే కష్టం. వెనక సీటు మీద పెట్టి చూస్తే సైకిల్ హ్యాండిల్ కిటికీలోంచి బయటికి తొంగి చూసింది.

“వెనక వద్దమ్మా,” అన్నాడు తాతయ్య. ఆయన నలభై ఏళ్లు లేత్ మెషీన్ దగ్గర పనిచేసిన మనిషి. ఏది చెప్పినా కారణంతో సహా చెబుతాడు. “ఎందుకంటే అక్కడ ఇంజన్ మూతకి సన్నని...”

“లెక్చర్ వద్దు! పైన కడతావో, నా నెత్తిన కడతావో, త్వరగా కట్టు!”

తాతయ్య మిగిలిన మాట మింగేశాడు.

కారు పైకప్పు అంచున, వాన నీరు జారిపోవడానికి ఒక గాడి ఉంది. తాతయ్య ఆ గాడికి ఇనుప కొక్కేలు తగిలించి, రెండు చెక్క బద్దలను అడ్డంగా బిగించాడు. సైకిళ్లను వాటి మీద తలకిందులుగా నిలబెట్టాడు. ఒక బద్ద మీద సీట్లు, మరో బద్ద మీద హ్యాండిళ్లు. పాత ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టాడు. తరువాత కారును రెండు చేతులతో ఊపి చూశాడు. కారు ఊగింది గానీ సైకిళ్లు కదల్లేదు.

“అక్కా, నా ఎడమ బూటు కనబడట్లేదు,” అంటూ చెల్లి గుమ్మంలోకి వచ్చింది.

“నువ్వు పుట్టినప్పట్నుంచీ ఏదో ఒకటి కనబడకుండానే ఉంది! పోయి మంచం కింద చూడు!”

“అరవకే! వీధంతా లేస్తుంది!” అని లోపలి నుంచి అమ్మ అంతకంటే గట్టిగా అరిచింది.

బూటు దొరికింది. అక్కాచెల్లెళ్లూ తాతయ్యా కారెక్కారు. తాతయ్య తాళం తిప్పబోతుండగా ముందు అద్దం మీద నాలుగు చినుకులు పడ్డాయి.

“నా సైకిల్! నిన్ననే తుడిచి, చైనుకి నూనె పెట్టాను!”

టపాకాయ బాణంలా దిగింది. వరండాలోంచి నీలిరంగు ప్లాస్టిక్ పట్టా లాక్కొచ్చి సైకిళ్ల మీద కప్పింది. గాలికి ఎగరకుండా దాని కొసను కారు వీపు మీదుగా కిందికి లాగి, వెనక బంపరుకు కట్టింది. ఆమెకు తెలిసిన ముడి ఒకటే, బూటు లేసుకు వేసే ముడి. దాన్నే మూడుసార్లు వేసింది.

“అద్దంలో అంతా నీలంగా కనబడుతోందే,” అన్నాడు తాతయ్య. “ఎక్కడ కట్టావు? ఉండు, ఒకసారి దిగి చూస్తాను.”

“పక్క అద్దం ఉందిగా! ఎనిమిదవుతోంది తాతయ్యా! చూసింది చాలు, పోనీ!”

ఆ అరుపుకు కారు కిటికీలు కూడా అదిరినట్టయింది. తాతయ్య దిగలేదు. కారు కదిలింది.

పది నిమిషాలు సాఫీగానే సాగింది. చినుకులు ఆగిపోయాయి. రైల్వే వంతెన ఎత్తు ఎక్కుతుండగా కాలిన వాసన వచ్చింది. స్టీరింగ్ దగ్గర ఎర్రదీపం వెలిగింది. తాతయ్య కారును పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు.

“ఏమైంది? ఎందుకాపావు?”

“ఇంజన్ బాగా వేడెక్కింది. చల్లారితే గానీ కదలకూడదు. ఎందుకు వేడెక్కిందో కూడా చూడాలి.”

టపాకాయ ముఖం కందగడ్డలా అయింది. గడియారంలో ఎనిమిదీ ఇరవై. అంత కోపం ఒకచోట నిలవలేదు. ఎవరో ఒకరి మీద పడాలి. పక్కనే చెల్లి ఉంది.

“అంతా నీ వల్లే! ఐరన్ లెగ్గువే నువ్వు! బూటు వెతుక్కుంటూ కూర్చున్నావు, ఇప్పుడు కారు కూడా ఆగింది. నువ్వు కాలు పెట్టిన చోటల్లా ఇంతే!”

చెల్లి ఏడవలేదు. తలుపు తీసుకుని దిగి, వంతెన గోడ పక్కన నిలబడి తన కాళ్లవైపు చూసుకుంది.

“కాలుకీ ఇంజన్‌కీ ఏ తీగ కలిపిందో నాక్కూడా చూపించవే,” అన్నాడు తాతయ్య. ఆయన గొంతులోనూ కోపం ఉంది, కాని అది పైకి లేవలేదు. చిన్నదాని దగ్గరికి వెళ్లి మంచినీళ్ల సీసా చేతికిచ్చాడు.

టపాకాయ ఒక్కతే మిగిలింది. ‘నా సైకిల్ దింపుకుని నేనే తొక్కుకుంటూ పోతాను,’ అనుకుంది. పట్టా విప్పడానికి విసవిసా కారు వెనక్కి వెళ్లింది.

పట్టా చేతికి వేడిగా తగిలింది. మెత్తగా సాగింది. ముడి విప్పి లాగితే ఇంజన్ మూత నుంచి చర్రుమంటూ ఊడివచ్చింది.

మూతకు దువ్వెన పళ్లలా సన్నని చీలికలు ఉన్నాయి. పట్టా మీద కూడా సరిగ్గా అవే గీతలు పడ్డాయి. ఎవరో లోపలి నుంచి పట్టాను గట్టిగా పీల్చి పట్టుకున్నట్టున్నాయి.

‘అక్కడ ఇంజన్ మూతకి సన్నని...’ తాతయ్య సగంలో మింగిన మాట ఇప్పుడు పూర్తయింది.

ఆమె చుట్టూ చూసింది. తాతయ్య, చెల్లి అవతల ఉన్నారు. ఎవరూ చూడలేదు. పట్టాను మడిచేస్తే గీతలు లోపలికి పోతాయి. కారు పాతది, పాతవి ఆగుతుంటాయి. టపాకాయ ఒక మడత వేసింది. రెండో మడత వేయబోయింది.

“తాతయ్యా,” అంటోంది చెల్లి, “మీరిద్దరూ వెళ్లండి. నేనెక్కకపోతే ఆగదు కదా. అక్క రెండు రౌండ్లూ తనే తొక్కుతానంటే ఒప్పుకుంటారేమో.”

టపాకాయ చేతులు ఆగిపోయాయి. పట్టా విప్పుకుంటూ వాళ్ల దగ్గరికి నడిచింది. గీతలు పైకి కనిపించేలా గోడ మీద పరిచింది.

“ఇది నేను కట్టిందే. ఇంజన్‌కి గాలి పోయే దారి నేనే మూసేశాను. నీ కాలు కాదు.” మాటలు పళ్ల మధ్య నుంచి వచ్చాయి. ఆమెకు ఇంకా కోపంగానే ఉంది. ఈసారి ఆ కోపానికి పోవడానికి వేరే చోటు లేదు.

తాతయ్య ఆ గీతలను వేలితో తడిమాడు. “ఈ ఇంజన్‌ని చల్లబరచడానికి నీళ్లుండవు. ఆ చీలికల్లోంచి పీల్చే గాలితోనే చల్లబడాలి. నువ్వు అరిచావని నేను దిగి చూడలేదు. అందులో తప్పు నాది.”

ఇంజన్ చల్లారేసరికి అరగంట పట్టింది. తాతయ్య నూనె కొలిచి చూసి స్టార్ట్ చేశాడు. టపాకాయ నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి చీలికల దగ్గర పట్టుకుని వదిలింది. కాగితం కింద పడలేదు. మూతకు అతుక్కుని రెపరెపలాడింది.

అయినా చెల్లి కారెక్కి, కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది. స్టేడియం వచ్చేదాకా వాటిని దించలేదు. టపాకాయ ఆ కాళ్లనే చూస్తూ కూర్చుంది.

వాళ్లు చేరేసరికి తొమ్మిదీ ఇరవై. పేర్లు రాసుకునే బల్ల దగ్గరి మాస్టారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

“ఇప్పుడా రావడం? పేర్లు రాయడం అయిపోయింది. ఏం, కారు పాడైందా?”

అవునంటే సరిపోయేది. టపాకాయ ముక్కుపుటాలు అదిరాయి. చెల్లి భయంగా ఒక అడుగు వెనక్కి వేసింది.

“కారు బాగానే ఉందండి. నేనే దాని ముక్కు మూశాను.”

మాస్టారు ఆమెవైపు వింతగా చూశారు. “ముక్కేమిటో గానీ, నంబరు మాత్రం ఇవ్వలేను. పోటీ అయ్యాక కావాలంటే ట్రాక్ మీద తొక్కుకోండి.”

తొక్కారు. నంబరు లేదు, చప్పట్లు లేవు. మలుపులో చెల్లి అక్కను దాటిపోయింది. టపాకాయకు ఒళ్లు మండింది. ఆ మంటంతా పెడళ్ల మీదే చూపించింది.

తిరుగు ప్రయాణానికి సైకిళ్లు మళ్లీ పైకెక్కాయి. మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

“నీ సైకిల్ తడుస్తోందే,” అన్నాడు తాతయ్య.

“తడవనీ. ఇంటికెళ్లి తుడుచుకుంటా. నువ్వు దిగి ఒకసారి వెనక చూడు తాతయ్యా. నేను చూశాననుకో, అయినా నువ్వూ చూడు.”

తాతయ్య దిగి చూశాడు. తిరిగి వచ్చి ఇంజన్ స్టార్ట్ చేశాడు. టపాకాయ ఇందాకటి కాగితాన్ని జేబులోంచి తీసి చెల్లికి ఇచ్చింది.

“ఈసారి నువ్వు పెట్టు.”

చెల్లి పెట్టింది. కాగితం అతుక్కుంది. చెల్లి నవ్వుతూ తలుపు దాకా పరుగెత్తి, అక్కడ చటుక్కున ఆగిపోయింది.

“అక్కా, ఏ కాలు ముందు పెట్టను?”

“ఏదైనా పెట్టవే,” అంది టపాకాయ, తడిసిన తలుపును తెరిచి పట్టుకుని. “ఇంజన్ వెనక ఉంది.”