అత్తగారి గిన్నెలో చల్లన్నం

జపాన్‌లోని తోయామాలో ఆ ఉదయం మంచు పడుతోంది. ఫుమియె కుక్కర్ మూత తీసి, పొగలు కక్కే అన్నం అలాగే వదిలేసి, ఫ్రిజ్‌లోంచి నిన్నటి అన్నం తీసింది. దాన్ని బుల్లి ఇత్తడి గిన్నెలోకి ఒత్తి, పూజ అరలో చనిపోయిన అత్తగారి ఫొటో ముందు పెట్టింది. గంట మోగించింది గానీ చేతులు జోడించలేదు. వండిన అన్నంలో తొలి గరిటె పోయినవాళ్లకే పెట్టాలి, ఏ ఇంట్లోనైనా అంతే. ఈ ఇంట్లో మాత్రం అత్తగారు పోయిన నాటి నుంచీ చల్లన్నమే.

టోక్యో నుంచి వచ్చిన కూతురు చిహారు టీవీ పెట్టింది. ఊరంతా టిఫిన్ తింటూ చూసే సీరియల్ అది. రాసింది చిహారే. తెర మీద ఒక కోడలు అత్తగారి ఫొటో ముందు చల్లన్నం పెట్టింది. మరుక్షణం కుప్పకూలి, "క్షమించండి అత్తయ్యా!" అని నేలకు నుదురు ఆనించి భోరుమంది. వెనకాల పియానో. ఈ సీరియళ్లకదో రోగం. ఎంతటి పాపిష్టి మనిషినైనా చివర్లో కన్నీళ్లతో కడిగి ఆరేస్తారు, మనం నోరెళ్లబెట్టి చూస్తాం.

ఫోన్ మోగింది. ఆడపడుచు ఇసోకో.

"వదినా, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయనుకో! పోనీలే, ఇన్నాళ్లకైనా మా అమ్మను క్షమాపణ అడిగావు."

ఫుమియె ఠక్కున ఫోన్ పెట్టేసింది. "ఛీ!" అంది.

"అమ్మా, పేర్లు మార్చానుగా. ఇసోకో అత్తయ్య తప్ప ఇంకెవరూ పోల్చుకోలేరు."

"పోల్చుకోనీ! చల్లన్నం పెట్టాను, నాకేం సిగ్గు లేదు. ఆ ఏడుపెక్కడిదే? నేనెప్పుడే ఆవిడ ముందు పొర్లి ఏడ్చింది?"

"కథలో ఎవరూ పూర్తిగా చెడ్డవాళ్లు కాకూడదమ్మా. కోడలిదీ తప్పుంటుంది, అత్తకీ ఏదో బాధ ఉంటుంది. చివరికి మనసులు కరగాలి."

"వాళ్లెవరో ముక్కు చీదుకోడానికి నన్ను ఆవిడ కాళ్ల మీద పడేశావా?"

చిహారుకూ కోపం వచ్చింది. "మరెందుకమ్మా ఆ కక్ష? చిన్నప్పటి నుంచీ అడుగుతున్నాను. నువ్వు చెప్పవు. అందుకే ఊహించి రాశాను."

ఫుమియె గరిటె పక్కన పెట్టింది.

"నిన్ను కని ఇంటికొచ్చిన రోజు కూడా ఇలాగే మంచు. అందరికీ వేడన్నం. నాకు నిన్నటి మెతుకులు, అదీ వంటింట్లో నిలబడి. కోడలికి వేడన్నమెందుకని మీ నాయనమ్మ నవ్వేది. ఆవిడ బాధేమిటో నాకెప్పుడూ కనబడలేదు. సరదా మాత్రం కనబడింది."

"నాన్న ఏమీ అనలేదా?"

"పేపరు చదువుకునేవారు. అందుకే పోయాక ఆయనకీ ఆ చల్లన్నం గిన్నే."

ఫుమియె గొంతు తగ్గించి అంది. "మీ నాయనమ్మ మంచాన పడ్డాక సేవ చేసింది నేనే. ముద్దలు కలిపి పెట్టాను, వేడివేడిగానే. బతికున్న మనిషికి చల్లన్నం పెట్టడానికి చెయ్యి రాలేదే నాకు. పోయాకే పెట్టాను."

అమ్మది చిల్లర కక్ష అనుకుంది చిహారు ఇన్నేళ్లూ. దేశమంతా చూసేలా అమ్మ చేత తల వంచి మొక్కించింది. తన రాత మీద తనకే అసహ్యం వేసి, మొహం కప్పుకుని ఏడ్చింది.

మర్నాడు కుక్కర్ మూత తీసింది చిహారు. తొలి గరిటె వేడన్నం అమ్మ గిన్నెలో వేసి బల్ల మీద పెట్టింది.

"ముందు పూజ అరలో పెట్టాలే," అంది ఫుమియె.

"వాళ్లు ఆగుతారులే. నువ్వు కూర్చో. కూర్చునే తినాలి."

ఫుమియె కూర్చుంది. రెండు ముద్దలు తినేసరికి కళ్లు మసకబారాయి. దాచుకోలేదు.

"ఇదీ రాస్తావా?"

"రాయనా?"

"రాసుకో," అంది ఫుమియె ముక్కు తుడుచుకుంటూ. "కానీ వెనకాల ఆ పియానో మోగించావో, గరిటె తిరగేస్తాను!"