నాలుగు రోజులూ మధ్యాహ్నమే ఆగిన కంప్యూటర్

సోమవారం 2:50. మంగళవారం 2:47. బుధవారం 2:52. ఇవాళ గురువారం 2:49.

కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది.

1977. అమెరికాలో శాన్ హోసే ఊళ్ళో రిడ్జ్‌వే ఇన్సూరెన్స్ ఆఫీసు. గదిలో డిస్కులూ టేపులూ అన్నీ పెద్ద కంపెనీవే. మధ్యలో ఉన్న మెషీన్ మాత్రం ఒక చిన్న కంపెనీది. పెద్ద కంపెనీ మెషీన్ పీకేసి, అవే తీగలు దీనికి తగిలించారు. మెషీన్ దోషం వల్ల ఆగకూడదన్న నెల రోజుల పరీక్ష ఇవాళ అయిదింటికి ముగుస్తుంది.

దాన్ని తయారుచేసిన హోవర్డ్ తమూరా ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఓడితే అతని కంపెనీ మూతే. అరవై మంది, వాళ్ళ పిల్లలు, రోడ్డున పడతారు.

"ఎవరో కావాలనే చేస్తున్నారు!" అన్నాడు.

ఆఫీసు మేనేజర్ విట్లాక్ పిలిపించిన ఇన్వెస్టిగేటర్ వెర్నా, పెద్ద కంపెనీ సర్వీస్ ఇంజనీర్ బానింగ్ వైపు తిరిగింది.

"ఇవాళ రెండింటికీ మూడింటికీ మధ్య ఎక్కడున్నారు?"

"డెంటిస్టు దగ్గర. పన్ను చూపించమంటారా? చవగ్గా వస్తోందని తెచ్చుకున్నారుగా, అనుభవించనీండి."

తర్వాత ఆపరేటర్ ఓపల్. పదేళ్ళ సర్వీసు.

"డ్యూటీ ఎన్నింటికమ్మా?"

"రెండింటికి. సెలవు నుంచి సోమవారమే వచ్చాను. మనవరాలు పుట్టింది."

"రాగానే ఏం చేస్తారు?"

"ప్రింటర్ కాగితం పెట్టెలు తెచ్చి మెషీన్ ముందు పేర్చుకుంటాను. ఎప్పుడూ అక్కడే. ఆగిపోతే, పాపం ఇంజనీర్లకి దారి కావాలని జరిపేస్తాను."

వెర్నా వంగి, పెట్టెలుండే చోట నేల మీద చెయ్యి పెట్టింది. పలకకి చిల్లులు. వాటిలోంచి చల్లగాలి.

"పెట్టెలు మళ్ళీ పెట్టండి. మెషీన్ ఆన్ చెయ్యండి."

3:32. మెషీన్ ఆన్ అయింది.

4:21. ఆగింది.

"పాత మెషీన్ నీళ్ళతో చల్లబడేది. ఇది గాలితో. ఆ గాలికి పెట్టెలు అడ్డం," అంది వెర్నా.

ఓపల్ గబగబా పెట్టెలు పక్కకి లాగేసింది. "నాకెవరూ చెప్పలేదు. అంతా పాతదానిలాగే, కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదన్నారు."

విట్లాక్ కాగితం హోవర్డ్ ముందుకి తోశాడు. "మా మనిషి తప్పైతే ఆగినవి లెక్కలోకి రావు. మీరు పాస్. ఆమెని ఉద్యోగంలోంచి పంపించేస్తాను. మీ తప్పైతే ఫెయిల్. ఏదో ఒకటి రాయండి."

హోవర్డ్ పెన్ను అందుకున్నాడు.

"నేర్చుకోవాల్సిందేం లేదని చెప్పి అమ్మింది నేనే."

తప్పు తమదేనని రాశాడు. విట్లాక్ చదివాడు.

"సోమవారం వచ్చి మీ మెషీన్ తీసుకెళ్ళండి."

హోవర్డ్ ఫోన్ దగ్గరికి నడిచాడు. అరవై మందిలో ముందు ఎవరికి చెప్పాలో తెలియలేదు.